తాడిపత్రిలో కాఫీ ఎన్నింటికి?

ఈ ప్రయాణానికి పెద్ద కారణమేమీ లేదు. ఆఫీసులో బటన్ నొక్కితే వచ్చే కాఫీ మీద విరక్తి పుట్టింది, సంక్రాంతికి ముందు మూడు రోజుల సెలవు మిగిలింది, ఏదైనా పాత ఊళ్లో గుళ్లు చూస్తూ మంచి ఫిల్టర్ కాఫీ తాగి వద్దామనిపించింది, అంతే. చిక్‌మగళూరు పోదాం రా అన్నాడు ఒక ఫ్రెండు. అక్కడ కాఫీ తోటలుంటాయి, రిసార్టులుంటాయి, సెల్ఫీలుంటాయి. నాకు కావాల్సింది తోట కాదు, హోటలు. పొద్దున్నే బెంచీ మీద కూర్చుని పేపర్ చదివే ముసలాయన ఉండే హోటలు. అలాంటి ఊరేదని ఆలోచిస్తే తాడిపత్రి గుర్తొచ్చింది. అక్కడ మా మేనత్త ఉంది, పెన్న ఉంది, విజయనగర కాలం నాటి రెండు గుళ్లున్నాయి. రూము ఖర్చు కూడా లేదు.

మొదటి రోజు, శుక్రవారం

హైదరాబాదులో రాత్రి ఎక్కిన బస్సు తెల్లారాక అనంతపురంలో దించింది. క్లాక్ టవర్ దగ్గర్లో ఒక బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాను. ఉగ్గాని అంటే తెలియనివాళ్లకు ఒక్క మాట: బొరుగులు, అదే మరమరాలు, నీళ్లలో తడిపి, గట్టిగా పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపు వేసిన తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన బజ్జి లేకపోతే దాన్ని ఉగ్గాని అనడం మా వైపు ఎవరూ ఒప్పుకోరు. తిన్నాక నాలుక మండుతుంటే కాఫీ అడిగాను. "టీనే ఉండేది సార్" అన్నాడు. సరే, ఇది ఇంకా మొదలే కదా అనుకున్నా.

తాడిపత్రి బస్సు బుక్కరాయసముద్రం చెరువు పక్కగా పోతుంది. జనవరి కాబట్టి ఎండ లేదు, కిటికీ పక్క సీటు దొరికింది, నిద్రపోయాను. లేచేసరికి రోడ్డుకు రెండు పక్కలా నాపరాళ్ల దొంతరలు, రాయి కోసే యంత్రాల చప్పుడు, గాల్లో తెల్లటి రాతి దుమ్ము. ఈ ఊరికి ఆ రాయే కూడు పెడుతుంది. మా మామ కూడా ఒక పాలిష్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు లెక్కలు రాసి రిటైరయ్యాడు.

అత్త తలుపు తీస్తూనే, "ఏం రా, కాఫీ తాగేదానికి హైదరాబాదు నుంచి వచ్చినావంట? మీ అమ్మ ఫోన్ చేసి నవ్వుతాంది" అంది. మామ మాత్రం నవ్వలేదు. ఇదేదో ముఖ్యమైన పనే అన్నట్టు తలూపాడు.

సాయంత్రం ఆరింటికి ఒక్కడినే బయల్దేరాను. బజారులో నాలుగు అడుగులకొక టీ బంకు ఉంది. అల్లం టీ, బాదం టీ, లెమన్ టీ, ఇరానీ టీ కూడా ఉంది, కానీ కాఫీ అంటే ప్రతి ఒక్కడూ ఒక చిన్న ప్యాకెట్ చించి గ్లాసులో వేయబోతున్నాడు. చివరికి ఒక పాత హోటలు కనబడింది. ఇత్తడి డ్రమ్ము, గోడకు దేవుళ్ల పటాలు, నాపబండ పరిచిన టేబుళ్లు. నాకు కావాల్సిన సినిమా సెట్టు అచ్చంగా అదే. ఆత్రంగా ఫిల్టర్ కాఫీ చెప్పాను. వచ్చింది. రంగు ఉంది, వేడి ఉంది, వాసన లేదు. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు మరిగిందో ఏమో, గొంతులో చేదు మిగిలిపోయింది. సగం వదిలేసి ఇరవై రూపాయలిచ్చి వచ్చేశాను.

ఇంటికొచ్చి చెబితే మామ మొదట అడిగింది ఏ హోటలని కాదు. "ఎన్నింటికి తాగినావు?"

"ఆరుకు."

"సాయంత్రం ఆరుకు కాఫీ తాగేదేంది అబ్బోడా! అది పొద్దున్నది. సాయంత్రం టీ తాగల్ల. రేపు నాలుగూ ముప్పావుకు లెయ్."

అత్త వంటింట్లోంచి, "ఇంట్లో కాఫీ ఉండగా ఈ మనిషికి పొద్దున్నే ఆ హోటలు మీద ఏం మోజో" అంది. ఇది ముప్పై నాలుగేళ్ల గొడవట.

రెండో రోజు, శనివారం

నాలుగూ ముప్పావు అంటే నాలుగూ ముప్పావే. మామ మంకీ క్యాపు పెట్టుకుని, శాలువా కప్పుకుని, చెప్పులు చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని వాకిలి దాకా నడిచాడు. దొంగతనంగా పోతున్నాననుకున్నాడు గానీ, అత్త అప్పటికే లేచి వాకిట్లో ముగ్గేస్తోంది. ధనుర్మాసం కదా, వీధి వీధంతా ఆడవాళ్లు లాంతరంత ఎల్‌ఈడీ బల్బు వెలుతురులో వంగి చుక్కలు పెడుతున్నారు. ఆమె తలెత్తకుండానే, "చక్కెర తక్కువ ఏయమని చెప్పుకో" అంది.

నిన్న నేను పోయిన హోటలుకే తీసుకుపోయాడు! నేను చెప్పబోతే ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు. లోపల పదిహేను మంది దాకా ఉన్నారు, ఒక్కరూ మాట్లాడటం లేదు. అందరూ మాస్టర్ వైపే చూస్తున్నారు, బస్సు కోసం చూసినట్టు.

ఆయన పని నిలబడి చూశాను. ఇంట్లో మనం రెండు గిన్నెల ఫిల్టర్ వాడతాం, ఇక్కడ గుడ్డ సంచి. ఇత్తడి డ్రమ్ము మూతికి సంచి తగిలించి, అందులో పొడి పోసి, పైన తెర్లే నీళ్లు ఒకేసారి గుమ్మరించకుండా ముందు ఒక చెంబెడు పోసి పొడిని నాననిచ్చాడు. పొడి ఉబ్బింది. అప్పుడు మిగతా నీళ్లు, గుండ్రంగా, మెల్లగా. నొక్కడు, పిండడు. డికాక్షన్ దానంతటది దిగాలి. ఆ దిగే ఇరవై నిమిషాల కోసమే ఆ పదిహేను మందీ కూర్చుంది. దీన్ని వాళ్లు "మొదటి దిగుడు" అంటారు. అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోస్తే రెండో దిగుడు, ఎనిమిది దాటాక వచ్చేవాళ్లకు అది. సాయంత్రానికి మిగిలింది నాకు నిన్న దక్కింది.

ఇక పాలు. గేదె పాలు, పక్క పల్లె నుంచి క్యాన్లలో వస్తాయి, నీళ్లు కలపని పాలని మామ హామీ. గ్లాసులో అడుగున చక్కెర, దాని మీద రెండు వేళ్ల మందం డికాక్షన్, ఆపైన పొంగే పాలు. అప్పుడు చెయ్యి పైకి లేస్తుంది, గ్లాసు నుంచి డబరాలోకి, డబరా నుంచి గ్లాసులోకి మూరెడు ఎత్తు నుంచి రెండుసార్లు తిరగబోత. నురగ కోసం అని అందరూ అనుకుంటారు గానీ, అసలు సంగతి చక్కెర కరగడం, తాగగలిగేంత వేడికి దిగడం. స్పూను పెట్టి తిప్పిన కాఫీకి ఈ రుచి రాదని మామ అంటాడు. అది నిజమో నమ్మకమో నాకు తెలియదు గానీ, ఆ గ్లాసు ముక్కు దగ్గరకు రాగానే నిన్నటి హోటలు, ఈరోజు హోటలు ఒక్కటే అని నమ్మబుద్ధి కాలేదు.

ఆ తర్వాతే మాటలు మొదలయ్యాయి. మొదటి గుక్క దాకా నిశ్శబ్దం, ఆ తర్వాత పెన్నలో నీళ్లెప్పుడు వదులుతారు, వేరుశనక్కాయ ధరెంత, ఎవరి కొడుకు బెంగళూరులో ఏ కంపెనీ మారాడు. చాలామంది వన్ బై టూ చెబుతారు. డబ్బులకు కాదు, ఒక కాఫీని ఇద్దరు పంచుకుంటే ఇంకో పావుగంటకు ఇంకో వన్ బై టూ చెప్పొచ్చు, అట్లా ఆరున్నర దాకా లాగొచ్చు. ఒకాయన బొగ్గు ఇంజన్ల కాలంలో రైల్వేలో పనిచేశాడట. మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలు లైను 1871 నాటికే పూర్తయింది, తాడిపత్రి ఆ లైను మీదే ఉంది. ఈ ఊరికి కాఫీ కూడా అరవ దేశం నుంచి ఆ రైల్లోనే వచ్చి ఉంటుందని ఆయన లెక్క. ఉండొచ్చు. అంతకుముందు పొద్దున్నే సద్దన్నం, అంబలి తాగిన జనమే కదా మనం.

ఆరున్నరకు అక్కడి నుంచి చింతల వెంకటరమణస్వామి గుడికి నడిచాం. ధనుర్మాసం కాబట్టి తెల్లవారుజాము పూజ అయిపోయింది, మిరియాల పొంగలి ఇంకా వేడిగా ఉంది. 16వ శతాబ్దంలో పెమ్మసాని నాయకులు కట్టించిన గుడి ఇది. చింతచెట్టు తొర్రలో స్వామి దొరికాడు కాబట్టి చింతల రాయడన్నారని ఊళ్లో చెబుతారు. లోపలికి పోగానే ఎదురుగా రథం ఆకారంలో రాతి గరుడ మండపం, దానికి చక్రాలు కూడా చెక్కారు. హంపి రథం ముందు జనం క్యూలు కడతారు, ఇక్కడ దాని నీడలో ఒక కుక్క పడుకునుంది. గోడల మీద రామాయణం అంతా బొమ్మల వరసలుగా ఉంది. నేను వరసగా చదువుకుంటూ పోతుంటే మామ స్తంభానికి ఆనుకుని కునుకు తీశాడు, రెండు వన్ బై టూలు తాగిన మనిషి!

పదకొండింటికి కాఫీ పొడి అంగడికి పోయాను, అత్త చీటీ రాసిచ్చింది: "పావు కిలో, 80–20, పీబెర్రీ కలపమను, సన్నగా వద్దు." అంగట్లో వేయించే డ్రమ్ము లేదు, గింజలు వేయించినవే వస్తాయి, ఇక్కడ మర పట్టిస్తారు. ఆ మర తిరిగినంతసేపూ వీధి చివరి దాకా వాసన. అంగడాయన ఓపికగా అన్నీ చెప్పాడు. మామూలుగా కాఫీ పండులో రెండు గింజలు ఎదురెదురుగా చప్పిడిగా ఉంటాయి, ఒక్కోదాంట్లో ఒకటే గింజ గుండ్రంగా కడుతుంది, అదే పీబెర్రీ. 80–20 అంటే ఎనభై పాళ్లు కాఫీ, ఇరవై పాళ్లు చికోరి. చికోరి ఒక మొక్క వేరు, గుజరాత్‌లో, ఉత్తరప్రదేశ్‌లో పండిస్తారు, దాన్ని ఎండబెట్టి వేయించి పొడి చేస్తారు. అందులో కెఫీన్ ఉండదు. కానీ నీళ్లను పట్టి ఉంచుతుంది, డికాక్షన్ చిక్కగా నల్లగా దిగుతుంది, కాబట్టి తక్కువ పొడితో ఎక్కువ కాఫీ. హోటళ్లు 60–40 దాకా పోతాయి. చట్టం ప్రకారం కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, చికోరి ఎంతుందో ప్యాకెట్ మీద రాయాలి. మన ఇంట్లో ప్యాకెట్లు తిప్పి చూసినవాళ్లు ఎంతమంది? నేనైతే ఇంటికి రాగానే చూశాను, నేను రోజూ ఫిల్టర్ కాఫీ అని తాగుతున్నది 53–47 అట!

"అరకు గింజలు లేవా, మన రాష్ట్రానివే కదా" అని అడిగాను. అరకులో పండే అరబికా రకం కాఫీకి 2019లో జీఐ, అదే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. "మనకాడికి రావు సార్, అవి దూరం. మాకు కొడగు, చిక్‌మగళూరే దగ్గర" అన్నాడు. నిజమే. బాబా బుడన్ అనే ఫకీరు 17వ శతాబ్దంలో యెమెన్ నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి నాటాడని చెప్పుకునే కొండలు చిక్‌మగళూరువే. అనంతపురం జిల్లా ఆ పక్క కర్ణాటకను ఆనుకునే ఉంది, మా భాషలో, తిండిలో ఎంత కన్నడం ఉందో కాఫీలోనూ అంతుంది.

మధ్యాహ్నం బెలుం గుహలకు పోవచ్చు, ముప్పై కిలోమీటర్లే. పోలేదు. నిద్రపోయాను. చూసినవాళ్లు తిట్టుకోవద్దు.

నాలుగింటికి అత్త కాఫీ. ఇది వేరే కథ. ఆమె దగ్గర ఉన్నది పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన ఇత్తడి ఫిల్టర్. పై గిన్నె చిల్లులను నెలకోసారి పొయ్యి మీద వేడి చేసి, పిన్నీసుతో గుచ్చి శుభ్రం చేస్తుంది. బోరు నీళ్ల ఉప్పుకు చిల్లులు తెల్లగా పూడిపోతాయి. అనంతపురం జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే. 1990ల మధ్యలో సత్యసాయి ట్రస్టు పైపులు వేసి వందల పల్లెలకు నీళ్లిచ్చాక, మా నాయనమ్మ ఊళ్లో "సత్యసాయి నీళ్లతో కాఫీ పెట్టు, చుట్టాలొచ్చినారు" అనడం నాకు గుర్తుంది. అత్త ఇప్పుడు క్యాన్ నీళ్లు వాడుతుంది, కాఫీకి మాత్రమే.

గ్లాసు నా చేతిలో పెట్టింది. హోటలు కాఫీ కంటే పలచన, కానీ వాసన దీనిదే ఎక్కువ. గింజ రుచి తెలుస్తోంది. "అత్తా, ఇదే బాగుంది" అన్నాను నిజంగానే. ఆమె గట్టు దగ్గర నిలబడి, తన వంతు చిన్న స్టీలు లోటాలో పోసుకుని, మధ్యలో కూర గిన్నె కలబెడుతూ తాగింది. ఉన్న రెండు రోజుల్లో ఆమె కూర్చుని కాఫీ తాగడం చూడలేదని అప్పుడు తట్టింది. "హోటల్లో కాఫీ ఎట్లుంటుందో ఎప్పుడన్నా తాగినావా?" అంటే, "నేనెందుకు పోతాను రా ఆడికి, అంతా మొగోళ్లే" అంది, అదేదో అడగాల్సిన ప్రశ్నే కాదన్నట్టు.

సాయంత్రం ఒక కొత్త కేఫ్‌కు పోయాను. ఏసీ, గోడ మీద ప్లాస్టిక్ తీగలు, నియాన్ అక్షరాలు. కాపుచినో నూట ఇరవై, మిషన్లో పొడి కలిపిందే, పైన కోకో చల్లి హృదయం గీశారు. రుచి చెప్పను, తిట్టినట్టుంటుంది. తిట్టడానికే పోయానేమో కూడా. కానీ పక్క టేబుల్లో ఆరుగురు కాలేజీ అమ్మాయిలు రెండు కోల్డ్ కాఫీలు, ఒక ఫ్రెంచ్ ఫ్రైస్ పెట్టుకుని నేను వెళ్లేటప్పటికే ఉన్నారు, నేను లేచేటప్పటికీ ఉన్నారు. ఎవరూ లెమ్మనలేదు. పొద్దున హోటల్లో మామ వాళ్లు చేసే పని అదే కదా, వన్ బై టూ చెప్పి ఆరున్నర దాకా లాగడం. ఊళ్లో ఆ అమ్మాయిలు ఆ పని చేయగల చోటు అదొక్కటే. అందుకని ఆ కాపుచినో మీద రాయాలనుకున్న రెండు పేరాలు కొట్టేశాను.

మూడో రోజు, ఆదివారం

రాత్రే చెప్పాను, పొద్దున బుగ్గ రామలింగేశ్వర గుడికి అత్త కూడా రావాలని. హోటలు మాట మాత్రం ఎత్తలేదు.

బుగ్గ గుడి పెన్న ఒడ్డునే ఉంది. చింతల రాయడి గుడి కంటే కాస్త ముందుది, 1490కీ 1509కీ మధ్య కట్టారంటారు. లింగం దగ్గర ఎప్పుడూ నీటి ఊట ఉంటుంది, ఊటనే బుగ్గ అంటారు మా వైపు. నన్ను నిలబెట్టేసింది మాత్రం గోపురాలు. పైకి పూర్తి కాలేదు, రాతి భాగం దగ్గర ఆగిపోయాయి, కానీ ఆ ఆగిపోయిన భాగం మీద వేలు పెట్టడానికి ఖాళీ లేకుండా చెక్కారు. పందొమ్మిదో శతాబ్దంలో మన దేశపు కట్టడాల చరిత్ర రాసిన ఫెర్గూసన్ అనే దొర వీటి పనితనాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. నల్లటి గట్టి రాయి, అంచులు ఇప్పటికీ బ్లేడులా ఉన్నాయి. ఐదొందల ఏళ్ల కింద ఈ ఊరివాళ్లు రాయిని ఇట్లా కోశారు, ఇప్పుడు అదే ఊళ్లో బండలు కోసి ఫ్లోరింగుకు లారీలకెత్తుతున్నారు అని మామతో అంటే, "అప్పుడు రాజు డబ్బులిచ్చినాడు, ఇప్పుడు బిల్డరిస్తాడు" అన్నాడు. లెక్కలు రాసిన మనిషి.

పెన్నలో నీళ్లు ఒక పక్కగా సన్నగా ఉన్నాయి, మిగతాదంతా ఇసుక. పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

తిరిగి వస్తుంటే హోటలు ముందు ఆగి, "అత్తా, ఒక కాఫీ" అన్నాను. ఆమె మామ వైపు చూసింది. మామ రోడ్డు వైపు చూశాడు. "ఎనిమిదవతాంది, రెండో దిగుడు ఇస్తారు" అని ఏదో సాకు చెప్పబోయాడు, కానీ గల్లాపెట్టె దగ్గరాయన, "రాండి పెద్దమ్మా, ఫ్యాను కింద కూసోండి, ఆదివారం కాబట్టి ఇప్పుడే ఇంకో సంచి కట్టినాం" అనేశాడు. పడిపోయింది మామ సాకు.

అత్త నాపబండ టేబుల్ ముందు కొంగు సర్దుకుని కూర్చుంది. నలుగురైదుగురు చూశారు, మళ్లీ పేపర్లలోకి పోయారు. కాఫీ వచ్చింది. ఆమె తిరగబోయలేదు, ఆరనివ్వలేదు, ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది. మామ పరీక్ష ఫలితం కోసం చూసినట్టు చూస్తున్నాడు.

"పొడి మన అంగట్లోదే" అంది. "60–40. చికోరి ముందు తగులుతాంది." ఇంకో గుక్క. "పాలు బాగుండాయి. దీనికా నువ్వు ముప్పై నాలుగేండ్ల నుంచి మంకీ టోపీ ఏసుకోని వచ్చేది?"

మామ ఏమీ అనలేదు. గ్లాసు ఖాళీ చేసి డబరాలో బోర్లించింది. లేస్తుందనుకున్నాను. సప్లయర్ అబ్బాయిని పిలిచి, "నాయినా, ఇంకొకటి తే. చక్కెర తక్కువ" అంది. అది వచ్చేలోగా కాళ్లు బెంచీ కింద చాపుకుని, పక్క టేబుల్లో రైల్వే ఆయనను, మీ కోడలికి కాన్పయిందా అని అడిగింది. ఆయన భార్య ఈమెకు తెలుసట. ఆ మాటలు తొమ్మిదిన్నర దాకా పోయాయి. వన్ బై టూ కాదు, ఫుల్లే, రెండు తాగింది. బిల్లు మామ కట్టాడు.

రాత్రి రైలెక్కాను. బ్యాగులో కాఫీ పొడి పొట్లం, 80–20. కంపార్టుమెంటంతా వాసన, పై బెర్తు ఆయన రెండుసార్లు కిందికి వంగి చూశాడు.

సోమవారం పొద్దున చేరానని చెప్పడానికి ఏడింటికి ఫోన్ చేశాను. అత్త గొంతులో కోపం.

"నేను వాకిట్లో ముగ్గేస్తాంటే, పెరటి సందులోంచి పోయినాడు రా మీ మామ."